రెండేళ్ల పిల్లతో చెన్నైలో ఇల్లు: టి.నగర్, మైలాపూర్, ఎగ్మోర్, ఓఎంఆర్‌లలో ఎక్కడ?

మధ్యాహ్నం నిద్ర లేవగానే మా పాప చేసే మొదటి పని చెప్పులు వెతుక్కోవడం. ఒకటి వెంటనే దొరుకుతుంది, రెండోది సోఫా కింద ఉంటుంది. దొరికిన ఆ ఒక్క చెప్పునే పట్టుకుని తలుపు దగ్గర నిలబడి "బైటికి" అంటుంది. అప్పటికి టైము నాలుగున్నర. అక్కణ్ణుంచి ఏడు గంటల దాకా ఆ పిల్లని ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎలా తీసుకెళ్లాలి, ఎంతసేపు ఉంచగలం అన్నవన్నీ మనం ఏ వీధిలో ఇల్లు తీసుకున్నామన్న దాని మీదే ఆధారపడతాయి.

మేము నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డవాళ్లం. పాప పుట్టినప్పుడు టి.నగర్‌లో ఉన్నాం. దానికి ఏడాదిన్నర వచ్చాక మైలాపూర్ మారాం. ఇప్పుడు దానికి రెండున్నరేళ్లు. మా తమ్ముడు వాళ్లు కొడుకుతో పురసవాక్కంలో ఉంటారు. మా ఆడపడుచు కుటుంబం ఊరికి దూరంగా ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద షోళింగనల్లూరులో ఉంటుంది. పండక్కో పుట్టినరోజుకో వెళ్లి రెండు మూడు రోజులు ఉండి రావడం వల్ల నాలుగు చోట్లా పసిపిల్లతో రోజు ఎలా గడుస్తుందో నాకు దగ్గరగా తెలుసు. చుట్టాల్లో, స్నేహితుల్లో పిల్లలు పుట్టిన ప్రతివాళ్లూ "ఇక్కడే ఉందామా, దూరంగా పెద్ద ఫ్లాట్‌కి పోదామా" అని అడుగుతుంటారు. ఇంటి చదరపు అడుగుల లెక్క కంటే ముందు పిల్ల సాయంత్రం గురించి ఆలోచించమని వాళ్లకి చెబుతుంటాను. ఎందుకో వివరంగా రాస్తున్నాను.

## ముందుగా ఏవేం చూడాలి

నడిచి చేరే ఆటస్థలం. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంటే మూడు గంటలు. రెండు పడకగదుల ఇంట్లో మంచం ఎక్కి దూకడంతో అంతసేపు గడవదు. రోజూ వెళ్లగలిగే బయటి స్థలం ఒకటి కావాలి. ఆదివారం కారులో వెళ్లే చోటు ఎంత బాగున్నా ఈ లెక్కలోకి రాదు.

దూరం లెక్కపెట్టేటప్పుడు తిరుగు ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకోండి. వెళ్లేటప్పుడు పిల్ల నడుస్తుంది. ప్రతి ముగ్గు దగ్గరా, ప్రతి కుక్క దగ్గరా ఆగుతుంది. వచ్చేటప్పుడు మాత్రం చంకనెక్కుతుంది, చాలాసార్లు భుజం మీదే నిద్రపోతుంది కూడా. పదకొండు కిలోల బరువుతో, ఇంకో చేతిలో సంచీతో, ఫుట్‌పాత్ మీద ఆపిన బైకులు తప్పించుకుంటూ నేను పది నిమిషాలు నడవగలను. అంతకు మించితే రెండో రోజు వెళ్లబుద్ధి కాదు. మా స్ట్రోలర్ మొదటి నెలలోనే మంచం కిందికి చేరింది. ఫుట్‌పాత్ ఎత్తులు, మధ్యలో కరెంటు పెట్టెలు, మూత సరిగా లేని కాలువలు ఉంటే చక్రాలు సాగవు. కాబట్టి నడిబొడ్డున ఉండేవాళ్లు దూరాన్ని చంకతోనే కొలుచుకోవాలి.

సంపు మూత, మెట్లు, గ్రిల్. ఇది నాకు అనుభవం మీద తెలిసిన విషయం. టి.నగర్ ఇంట్లో సంపు మూత గేటు లోపల నడకదారిలోనే ఉండేది. పాత ఇనుప రేకు, అంచులు తుప్పు పట్టి ఉండేవి. మార్చమని ఓనర్‌కి మూడుసార్లు చెప్పాను. "ఎన్నో ఏళ్లుగా అలాగే ఉందమ్మా" అన్నారు. ఒకరోజు పాప దాని మీద ఎక్కి గెంతింది, రేకు ఒక పక్క కిందికి వంగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెయ్యి పట్టి లాగేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే మా ఆయన సొంత డబ్బుతో బరువైన కొత్త మూత వేయించి, తాళం పెట్టించారు. చెన్నైలో దాదాపు ప్రతి ఇంటికీ సంపు ఉంటుంది. ఇల్లు చూసేటప్పుడు వంటగది కంటే ముందు సంపు మూత చూడండి. తర్వాత బాల్కనీ గ్రిల్ కమ్మీల మధ్య పిల్ల తల పడుతుందేమో చూడండి. మెట్ల రెయిలింగు కూడా అంతే.

నీళ్లు. పాటీ మీద కూర్చోవడం అలవాటు చేసే వయసులో రోజుకి నాలుగైదు నిక్కర్లు, రెండు దుప్పట్లు ఉతకాల్సి వస్తుంది. మెట్రోవాటర్ (నగర నీటి సరఫరా) రోజూ వస్తుందా, బోరు నీళ్లు ఎలా ఉంటాయి, ఎండాకాలంలో లారీ తెప్పిస్తారా, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నవి అడగాలి. నీళ్ల కరువొచ్చిన 2019 ఎండాకాలం ఈ ఊళ్లో గడిపినవాళ్లకి ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుసు.

నిద్ర. ఒకటి, రెండేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడు, నాలుగేళ్లకి 10 నుంచి 13. పడకగది రోడ్డు వైపు ఉందా, వెనక వైపు ఉందా అన్నది ఇక్కడ తేల్చుకోవాలి. ఇంకో మాట. డెంగీ దోమ పగలే కుడుతుంది, శుభ్రమైన నిలవ నీళ్లలోనే పెరుగుతుంది. పగటి కునుక్కి కూడా దోమతెర కట్టండి. పైన ట్యాంకుకి మూత ఉందో లేదో మెట్లెక్కి చూసి రండి.

రాత్రి పదకొండింటికి డాక్టరు. పసిపిల్లల జ్వరం సాధారణంగా రాత్రే పెరుగుతుంది. ఆ సమయంలో పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రికి ఎన్ని నిమిషాల్లో వెళ్లగలరో లెక్కేసుకోండి.

మనుషులు, ఊరి దారి. ఇంటి పనికి వచ్చే ఆవిడ ఎంత దూరం నుంచి వస్తుంది? అమ్మో, అత్తయ్యో ఊరి నుంచి రావాలంటే స్టేషన్‌లో దిగాక ఇంకెంత ప్రయాణం? పిల్లలున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు. నెల్లూరు నుంచి సెంట్రల్‌కి మూడు గంటల్లో వచ్చేసిన మా అమ్మకి, అక్కణ్ణుంచి షోళింగనల్లూరు చేరడానికి ఇంకో గంటన్నర పట్టిన సాయంత్రాలున్నాయి.

అద్దె వీధి వీధికీ మారుతుంది, అంకెలు రాస్తే తప్పుదారి పట్టించినట్టవుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: తమిళనాడు 2017 అద్దె చట్టం ప్రకారం, వేరే ఒప్పందం రాసుకోకపోతే అడ్వాన్స్ మూడు నెలల అద్దెకు మించకూడదు. చాలామంది ఓనర్లు అంతకంటే ఎక్కువే అడుగుతారు. బేరం ఆడటానికి ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

## ఒక్క చూపులో

| చూడాల్సింది | టి.నగర్ | మైలాపూర్ | ఎగ్మోర్, పురసవాక్కం | ఓఎంఆర్ |
|---|---|---|---|---|
| నడిచి చేరే ఆటస్థలం | నటేశన్ పార్కు, పానగల్ పార్కు | నాగేశ్వరరావు పార్కు, గుడి వీధులు | వీధిని బట్టి. మెట్రోలో షెణాయ్ నగర్ పార్కు | కాంపౌండ్ లోపలే |
| వీధిలో నడక | బజారు దగ్గర కష్టం, లోపలి వీధుల్లో ఫర్వాలేదు | లోపలి వీధుల్లో బాగుంటుంది | పెద్ద రోడ్లు దాటాలి | గేటు బయట నడవలేం |
| చప్పుడు | పండగ నెలల్లో చాలా ఎక్కువ | ఉత్సవాలప్పుడు ఎక్కువ | ట్రాఫిక్ చప్పుడు | తక్కువ |
| లిఫ్ట్ | కొత్త ఇళ్లలోనే | చాలా పాత ఇళ్లలో ఉండదు | మిశ్రమం | ఉంటుంది |
| పిల్లల ఆసుపత్రి | దగ్గర | దగ్గర | చాలా దగ్గర | ఉన్నాయి, రోడ్డు రద్దీ చూసుకోవాలి |
| సెంట్రల్ స్టేషన్ | మధ్యస్థం | మధ్యస్థం | మెట్రోలో ఒకటి రెండు స్టేషన్లు | పాతిక కిలోమీటర్ల దాకా |
| పనివాళ్లు | దొరుకుతారు | సులువుగా దొరుకుతారు | దొరుకుతారు | దొరుకుతారు, గేటు నియమాలు ఉంటాయి |

## టి.నగర్

తెలుగువాళ్లకి ఈ పేట మీద ఒక మమకారం ఉంది. త్యాగరాయ నగర్ అన్న పేరే పిట్టి త్యాగరాయ చెట్టి గారిది. మధ్యలో ఉన్న పార్కు పేరు పానగల్ రాజా పానుగంటి రామరాయణింగారిది. వెంకటనారాయణ రోడ్డులో తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రీవారి ఆలయం ఉంది. చీరల కొట్లో, బంగారం కొట్లో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది. మా అమ్మ ఒంటరిగా బయటికి వెళ్లగలిగిన పేట చెన్నైలో ఇదొక్కటే.

పసిపిల్లతో ఉండేవాళ్లకి మాత్రం టి.నగర్ రెండు ముక్కలు. మాంబళం స్టేషన్, రంగనాథన్ వీధి, ఉస్మాన్ రోడ్డు వైపు ఒకటి. వెంకటనారాయణ రోడ్డు, నటేశన్ పార్కు వెనక వీధులు ఇంకొకటి. మొదటి దానిలో ఇల్లు తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. దీపావళికి నెల ముందు నుంచి ఆ వీధుల్లో పిల్లని కింద దించడానికి కూడా చోటుండదు. రెండో ముక్కలో చెట్లున్నాయి, లోపలి వీధుల్లో ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత చెయ్యి పట్టుకుని నడిపించవచ్చు. నటేశన్ పార్కులో మా పాప మొదటిసారి చెయ్యి వదిలి పది అడుగులు నడిచింది. వాకింగ్‌కి వచ్చిన పెద్దవాళ్లు నలుగురైదుగురు ఆగి చప్పట్లు కొట్టారు.

పాండీ బజారులో 2019 నవంబరులో తెరిచిన వెడల్పాటి నడకదారి ఈ ఊళ్లో స్ట్రోలర్ నడిచే అతి కొద్ది చోట్లలో ఒకటి. వారం మధ్యలో వెళ్తే పిల్ల హాయిగా పరిగెత్తుతుంది. శనివారం సాయంత్రం వద్దు. మాంబళం స్టేషన్ నుంచి టి.నగర్ బస్ టెర్మినస్ దాకా 2023లో కట్టిన స్కైవాక్ కూడా పిల్లని ఎత్తుకుని రంగనాథన్ వీధి జనంలోంచి పోకుండా తప్పిస్తుంది. లోకల్ రైలెక్కే ఇంటికి అది నిజంగా పెద్ద సాయం.

ఇబ్బందులు: మెట్రో రెండో దశ పనుల వల్ల పానగల్ పార్కు చుట్టుపక్కల దుమ్ము, దారి మళ్లింపులు. పిల్లకి ఆయాసం, పిల్లికూతలు వచ్చే తత్వం ఉంటే ఇది తేలిగ్గా తీసుకోకండి, డాక్టర్ని అడిగి నిర్ణయించుకోండి. రెండోది వాన. 2021 నవంబరులో ఈ పేటలో చాలా వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తు ఇల్లు పసిపిల్లకి సులువే, కానీ "ఆ నవంబరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి" అని ఎదురింటి వాళ్లని, ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి. వాళ్లకి తెలిసినంత వివరంగా ఓనర్ చెప్పరు.

## మైలాపూర్

మేము ఇప్పుడు ఉంటున్నది ఇక్కడే, కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉంటే ఉండవచ్చు. కానీ రోజూ సాయంత్రం నాలుగున్నరకి మొదలయ్యే ఆ సమస్యకి నాకు దొరికిన అతి మంచి జవాబు ఇదే.

లజ్ చర్చి రోడ్డులో నాగేశ్వరరావు పార్కు ఉంది. ఆంధ్రపత్రిక నడిపిన, అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు అది. మా ఇంటి నుంచి నడిస్తే ఎనిమిది నిమిషాలు, పాప వేగంతో అయితే ఇరవై. పెద్ద చెట్ల వల్ల మే నెల ఎండల్లో కూడా ఐదు దాటితే లోపల కాస్త చల్లగానే ఉంటుంది. జారుడుబల్ల, ఉయ్యాలలు ఉన్నాయి. ఉయ్యాల కోసం వరసలో నిలబడటం మా పాప నేర్చుకున్నది అక్కడే. ఆడుకునే పిల్లలంతా తమిళం మాట్లాడతారు. ఇంట్లో తెలుగు, పార్కులో తమిళం కలిపి అది మాట్లాడే భాష చూసి కొందరు పెద్దవాళ్లు బెంగపడ్డారు. బెంగ అక్కర్లేదు. ఇంట్లో మనం తెలుగు వదలకపోతే చాలు, పిల్లలు రెండూ పట్టుకుంటారు.

పార్కుకి వెళ్లని రోజు కపాలీశ్వరుడి గుడి ఉంది. కోనేటి గట్టున పావురాలు, మాడ వీధుల్లో పూల బుట్టలు, ఇత్తడి సామాన్ల కొట్లు, గుడి లోపల బండరాళ్లు పరిచిన పెద్ద ప్రాంగణం. రెండేళ్ల పిల్లకి అంతకంటే ఏం కావాలి? చెప్పులు వదిలేసి, వాహనాల భయం లేకుండా అరగంట పరిగెత్తుతుంది. నవరాత్రికి ముందు ఉత్తర మాడ వీధిలో కొలువు బొమ్మలు వరసగా పెట్టి అమ్ముతారు. పోయినసారి పాప ఒక మట్టి ఏనుగు దగ్గర కూర్చుండిపోయింది, అమ్మే ఆవిడే దాన్ని ఒళ్లో పెట్టుకుని కథ చెప్పింది. ఇలాంటివి ఏ ప్లేస్కూల్ బ్రోషర్‌లోనూ ఉండవు.

వారానికొకసారి లైట్‌హౌస్ వైపు బీచ్. ఇసుక చాలు, నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి. మెరీనాలో లోపలి ప్రవాహాలు బలంగా ఉంటాయి, మనం పిల్లని ఎత్తుకుని మోకాలి లోతులో నిలబడటం కూడా మంచిది కాదు. చిన్న బకెట్టు, గరిట ఇస్తే పొడి ఇసుకలో గంటసేపు గడుస్తుంది.

మా ఇంట్లో పని చేసే అక్క పక్క వీధి నుంచే నడిచి వస్తుంది. ఈ సౌకర్యం విలువ వానరోజు తెలుస్తుంది. ఊరంతా ఆగిపోయిన రోజు కూడా ఆవిడ గొడుగు వేసుకుని వచ్చి పాపకి స్నానం చేయించి వెళ్లింది.

ఇక కష్టాలు. పాత ఇళ్లు ఎక్కువ, లిఫ్ట్ ఉండదు. రెండో అంతస్తు అంటే పిల్లతో, పాల ప్యాకెట్లతో, కూరల సంచీతో ముప్ఫై ఆరు మెట్లు. నాకు అలవాటైంది, మా అమ్మ మోకాళ్లకి మాత్రం కష్టం. కారు ఉన్నవాళ్లకి పార్కింగ్ రోజూ టెన్షనే. పంగుని ఉత్సవం పది రోజులూ, ముఖ్యంగా అరువత్తిమూవర్ (అరవై ముగ్గురు నాయనార్ల ఊరేగింపు) రోజున, గుడి చుట్టూ వీధులు జనంతో నిండిపోతాయి, ఆటో లోపలికి రాదు. ఆ రోజుల్లో మందులు, పాలు ముందే తెచ్చి పెట్టుకుంటాం. లజ్ దగ్గర కూడా మెట్రో పనులున్నాయి. సముద్రానికి దగ్గరి వీధుల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉండవచ్చు, వాటితో పసిపిల్ల చర్మం పొడిబారుతుంది. కాబట్టి కుళాయి విప్పి నోట్లో పోసుకుని చూడండి.

ఇంకొకటి మొహమాటం లేకుండా చెప్పాలి. గుడి చుట్టుపక్కల చాలామంది ఓనర్లు శాకాహారులకే ఇల్లిస్తారు. మా నెల్లూరు ఇళ్లలో చేపల పులుసు లేని ఆదివారం ఉండదు, పాపకి గుడ్డు రోజూ పెట్టాలి. దాంతో మేము మూడు మంచి ఇళ్లు వదులుకున్నాం. ఇల్లు దొరకాలని అబద్ధం చెప్పి చేరకండి, పసిపిల్లతో దాగుడుమూతల బతుకు వద్దు. మందవెల్లి, శాంథోమ్ వైపు వెతికితే ఈ పట్టింపు లేని ఇళ్లు దొరుకుతాయి.

## ఎగ్మోర్, పురసవాక్కం

తమ్ముడి కొడుకు నెలలు నిండకుండా పుట్టాడు. మొదటి ఏడాదంతా ఆసుపత్రికి తిరగడమే. అందుకే వాళ్లు ఇక్కడ ఇల్లు తీసుకున్నారు, ఆ నిర్ణయం నూటికి నూరుపాళ్లు సరైనది. ఎగ్మోర్ హాల్స్ రోడ్డులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్, ఉంది. నుంగంబాక్కంలో కంచి కామకోటి చైల్డ్స్ ట్రస్ట్ ఆసుపత్రి ఉంది. అర్ధరాత్రి పది, పదిహేను నిమిషాల్లో చేరవచ్చు.

రెండో లాభం ఊరి దారి. ఎగ్మోర్ మెట్రో నుంచి సెంట్రల్ తర్వాతి స్టేషనే. పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగిన నానమ్మ గంటలోపు మనవడి పక్కన ఉంటుంది. సర్కార్ ఎక్స్‌ప్రెస్ అయితే ఎగ్మోర్ మీదుగానే వెళ్తుంది. ఆంధ్రా బస్సులు బయలుదేరే మాధవరం టెర్మినస్ కూడా మిగతా పేటల కంటే ఇక్కడికే దగ్గర. పురసవాక్కం, సౌకార్‌పేట, పార్క్ టౌన్ వైపు తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, కొత్వాల్ చావడి దగ్గరి కన్యకా పరమేశ్వరి గుడి చుట్టూ ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది.

ఆట విషయంలోనే ఇది వెనకబడుతుంది. పురసవాక్కం హైరోడ్డు దాటాలంటే పెద్దవాళ్లకే భయం. వాళ్ల ఇంటి దగ్గర నడిచి చేరే మంచి పార్కు లేదు. మా మరదలు దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. సాయంత్రం మెట్రో ఎక్కి షెణాయ్ నగర్‌లో దిగుతుంది. స్టేషన్ పైనే తిరు వి క పార్కు ఉంది, దాన్ని మళ్లీ కొత్తగా తీర్చిదిద్దారు. మెట్రోలో లిఫ్టులున్నాయి కాబట్టి స్ట్రోలర్‌తోనే పోవచ్చు. పిల్లాడికి రైలు ఎక్కడమే సగం ఆట. చేట్‌పట్ చెరువు దగ్గరి ఎకో పార్కు ఇంకో దారి. వాన రోజుకి ఎగ్మోర్ మ్యూజియం ఉంది. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో తిమింగలం అస్థిపంజరం ముందు పిల్లలు నోరు తెరుచుకుని నిలబడిపోతారు. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ ప్రతి సాయంత్రం రైలెక్కి పార్కుకి పోవాలంటే ఓపిక కావాలి, వారానికి మూడు రోజులు మించి కుదరడం లేదని మరదలే చెప్పింది. వానాకాలంలో ఈ వైపు కొన్ని వీధుల్లో నీళ్లు నిలుస్తాయి, అదీ వీధి చూసి తేల్చుకోవాలి.

## ఓఎంఆర్, దూరపు పెద్ద ఫ్లాట్

మా ఆడపడుచు ఇల్లు మా ఇంటికి ఒకటిన్నర రెట్లు. లిఫ్ట్, కిందే ఆటస్థలం, వాహనాలు రాని నడకదారి, సైకిల్ తొక్కే చోటు అన్నీ ఉన్నాయి. మా పాప అక్కడికి వెళ్తే నేను మొదటి అరగంట ఊరికే బెంచీ మీద కూర్చుంటాను, దాన్ని పట్టుకుని తిరగక్కర్లేదు. ఆ నెమ్మది నడిబొడ్డున దొరకదు, ఒప్పుకోవాలి. ఒకే వయసు పిల్లలు పదిమంది సాయంత్రం ఐదింటికల్లా కిందికి దిగుతారు.

గేటు దాటితే మాత్రం వేరే లోకం. నడిచి వెళ్లే కూరగాయల కొట్టు ఉండదు, రోడ్డు దాటడం పిల్లతో కుదిరే పని కాదు. ప్రతి చిన్న పనికీ కారో ఆర్డరో. చాలా చోట్ల లారీ నీళ్ల మీద ఆధారం, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. ఓఎంఆర్ మీద కూడా మెట్రో పనులు సాగుతున్నాయి, రద్దీ వేళ ప్రయాణం ఎంతసేపో చెప్పలేం. ఆఫీసు అక్కడే ఉన్నవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. ఆఫీసు మౌంట్ రోడ్డులో ఉండి ఇల్లు ఇక్కడ తీసుకుంటే, తండ్రి ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోయి ఉంటుంది. మా ఆడపడుచు భర్త రెండేళ్లు అలా గడిపి, ఆఫీసు మారాక గానీ కొడుకుతో రాత్రి భోజనం చేయలేకపోయారు.

ఇంకోటి నాకు అనిపించింది. అక్కడి పిల్లలకి తెలిసిన మనుషులంతా ఒకే రకం. ఇస్త్రీ బండి తాతని, పూలమ్మే అక్కని, గుడి ఏనుగు బొమ్మని, చెప్పులు కుట్టే ఆయన్ని రోజూ చూస్తూ పేరు పెట్టి పిలిచే పిల్లకి ఊరంటే ఏంటో తెలుస్తుంది. నేను ఇరుకు ఇంట్లో ఉండటానికి ఒప్పుకున్నది దీనికోసమే.

## ఎవరికి ఏది

ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండి, పిల్ల మూడేళ్ల లోపుదైతే మైలాపూర్. నాలుగు చోట్లలో పగలంతా పిల్లతో ఒంటరిగా ఉండే మనిషికి నలుగురు మనుషులు కనిపించే పేట ఇది. ఆ ఒంటరితనం ఎంత బరువో మొదటి ఏడాది తల్లులకి చెప్పక్కర్లేదు.

ఇద్దరూ ఓఎంఆర్‌లోనే ఉద్యోగమైతే ఆలోచించకుండా అక్కడికే వెళ్లండి. డే కేర్ ఆఫీసుకో ఇంటికో పది నిమిషాల్లో ఉండాలి. జ్వరం వచ్చిందని ఫోన్ వస్తే నగరం అవతల నుంచి పరిగెత్తడం తల్లిదండ్రులిద్దరినీ నలిపేస్తుంది.

నానమ్మా తాతయ్యా నెలల తరబడి వచ్చి ఉండేవాళ్లయితే లిఫ్ట్ లేని ఇల్లు వద్దు, అది ఎంత మంచి పేటైనా. తెలుగు తప్ప ఇంకో భాష రాని పెద్దవాళ్లకి వెంకటనారాయణ రోడ్డు వైపు టి.నగర్ హాయి. గుడికి వాళ్లే నడిచి వెళ్తారు, పిల్లనీ తీసుకెళ్తారు. వాళ్లు తరచూ ఊరికి వెళ్లి వచ్చేవాళ్లయితే ఎగ్మోర్ వైపు చూడండి.

పిల్లకి తరచూ ఆసుపత్రి అవసరం ఉంటే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి ఎగ్మోర్, నుంగంబాక్కం, కీల్పాక్‌లలో వెతకండి. పార్కుకి మెట్రోలో పోవచ్చు, అర్ధరాత్రి ఆసుపత్రికి దూరం నుంచి పోవడం వేరే సంగతి.

రెండో బిడ్డ కడుపులో ఉంటే మెట్లు లేని ఇల్లు, నడిచి వచ్చే పనిమనిషి, ఈ రెండూ దొరికిన పేటే మంచి పేట.

## ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు

ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి రాత్రి తొమ్మిదిన్నరకి. పడకగదిలో లైటు ఆర్పి ఐదు నిమిషాలు నిలబడితే చప్పుడు, దోమలు, పక్కింటి టీవీ అన్నీ తెలుస్తాయి. రెండోసారి సాయంత్రం నాలుగున్నరకి, పిల్లతో. గేటు దగ్గర దాన్ని కిందికి దించి, పార్కు దాకా అది నడిచినట్టే నడవండి. రోడ్డు ఎక్కడ దాటాల్సి వచ్చింది, ఎన్నిసార్లు ఎత్తుకోవాల్సి వచ్చింది లెక్కపెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు మొత్తం దారి ఎత్తుకునే రండి. మెట్లు కూడా ఎత్తుకునే ఎక్కండి. పైకి చేరాక ఓనర్ అడ్వాన్స్ మాట ఎత్తితే, ముందు సంపు మూత మార్చి తాళం వేయిస్తారా అని అడగండి. వేయిస్తామంటే అది ఒప్పందంలో రాయించుకోండి.